రాష్ట్రపతి సంతకం ఎవరి నిర్ణయం?

ఏ ఊళ్ళో దాడి జరిగినా, ఏ పేటను వెలివేసినా, ధర్నా అయ్యాక కలెక్టరేట్‌లో ఇచ్చే కాగితాల్లో ఒకటి రాష్ట్రపతి పేరు మీద ఉంటుంది. 'గౌరవనీయులైన భారత రాష్ట్రపతి గారికి, జిల్లా కలెక్టర్ ద్వారా' అని మొదలవుతుంది. అది ఢిల్లీ చేరితే రాష్ట్రపతి సచివాలయంలో ఒక నంబరు పడుతుంది. తర్వాత సంబంధిత కేంద్ర మంత్రిత్వ శాఖకో, తిరిగి రాష్ట్ర ప్రభుత్వానికో వెళ్తుంది. ఎవరి మీద ఫిర్యాదు చేశామో చాలాసార్లు వాళ్ళ బల్ల మీదికే అది తిరిగొస్తుంది.

అందుకని రాష్ట్రపతికి రాయడం దండగ అని మేం అనడం లేదు. ఏ పని రాష్ట్రపతి చేతిలో ఉంది, ఏది కేబినెట్ చేతిలో ఉంది, ఏది పార్లమెంటు మాత్రమే చేయగలదు అన్నది తెలిస్తే ఆ కాగితంలో ఏం అడగాలో తెలుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ అధికారాల జాబితా దొరుకుతుంది. ఆ అధికారాలు మన బతుకుల్ని ఎక్కడ తాకాయో మాత్రం వాటిలో ఉండదు. ఆ సందర్భాలను పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాం.

పేరు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది

రాజ్యాంగాన్ని పైపైన చదివితే రాష్ట్రపతికి మించిన శక్తిమంతులు దేశంలో లేరనిపిస్తుంది. ఆర్టికల్ 53 ప్రకారం కేంద్ర కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదే. ఆర్టికల్ 79 ప్రకారం పార్లమెంటు అంటే రాష్ట్రపతి, రాజ్యసభ, లోక్‌సభ మూడూ కలిసి. (2023 మే 28న కొత్త పార్లమెంటు భవనాన్ని ప్రధానమంత్రి ప్రారంభించినప్పుడు, ఆ పార్లమెంటులో భాగమైన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడ లేరు. ఆమె సందేశాన్ని చదివి వినిపించారు.) కానీ ఆర్టికల్ 74కి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలని అది చెబుతుంది.

1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ డాక్టర్ అంబేద్కర్ ఈ విషయం స్పష్టంగానే చెప్పారు. ఇంగ్లండులో రాజుకున్న స్థానమే ఇక్కడ రాష్ట్రపతికి ఉంటుంది, ఆయన రాజ్యానికి అధిపతి తప్ప కార్యనిర్వాహక శాఖకు అధిపతి కాదు అన్నది ఆయన వివరణ. అమెరికా అధ్యక్షుడితో పోల్చుకోవద్దని కూడా అప్పుడే హెచ్చరించారు.

ఈ సూత్రానికి మొదటి పరీక్ష అంబేద్కర్ తెచ్చిన బిల్లు మీదే వచ్చింది. హిందూ కోడ్ బిల్లు హిందూ స్త్రీలకు ఆస్తిలో, విడాకుల్లో హక్కులిచ్చే బిల్లు. 1951 సెప్టెంబర్‌లో రాజేంద్రప్రసాద్ ప్రధాని నెహ్రూకు లేఖ రాస్తూ, ఈ బిల్లు విషయంలో మంత్రిమండలి సలహాతో సంబంధం లేకుండా తన సొంత విచక్షణతో వ్యవహరించాలనుకుంటున్నానన్నారు. నెహ్రూ అటార్నీ జనరల్ సెతల్వాడ్‌నూ, నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళి రాజ్యాంగ ముసాయిదా సంఘంలో పనిచేసిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌నూ అడిగారు. రాష్ట్రపతికి ఆ హక్కు లేదని ఇద్దరూ చెప్పారు. రాష్ట్రపతికి నిజంగానే సొంత విచక్షణ ఉండి ఉంటే దాని మొదటి దెబ్బ ఎవరి మీద పడేదో గమనించండి. బిల్లు ఎటూ మూలనపడింది, అదే నెలలో అంబేద్కర్ రాజీనామా చేశారు. అది వేరే కథ. రాష్ట్రపతి బలంగా ఉంటే మనకు మంచిదని కొందరు మిత్రులు అంటుంటారు. వాళ్ళు ఈ ఘటన చదవాలి.

1976లో 42వ సవరణ మంత్రిమండలి సలహాను పాటించి తీరాలని రాతపూర్వకం చేసింది. 1978లో 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరిచింది. సలహాను పునఃపరిశీలించమని రాష్ట్రపతి ఒక్కసారి వెనక్కి పంపవచ్చు. కేబినెట్ మళ్ళీ అదే సలహా ఇస్తే ఒప్పుకోక తప్పదు.

ఆ కిటికీని వాడినవాళ్ళలో కె.ఆర్. నారాయణన్ ముఖ్యులు. రాష్ట్రపతి అయిన మొదటి దళితుడు ఆయన. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని, 1998లో బిహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వాన్ని ఆర్టికల్ 356 కింద రద్దు చేయాలని కేబినెట్లు పంపిన సిఫార్సులను రెండింటినీ ఆయన వెనక్కి పంపారు. ఒకటి యునైటెడ్ ఫ్రంట్ పంపింది, రెండోది వాజపేయి ప్రభుత్వం పంపింది. రెండుసార్లూ ఆ ప్రయత్నం అప్పటికి ఆగింది. బిహార్ కథ అక్కడితో అయిపోలేదు. 1999 జనవరి 25 రాత్రి జెహానాబాద్ జిల్లా శంకర్‌బిఘాలో రణవీర్ సేన ఇరవై మందికి పైగా దళితులను చంపింది. ఫిబ్రవరిలో నారాయణపూర్‌లో మరో ఊచకోత. కేబినెట్ మళ్ళీ సిఫార్సు చేసింది, ఈసారి రాష్ట్రపతి పాలన వచ్చింది. రాజ్యసభలో మెజారిటీ దొరకదని తెలిసి మార్చిలో కేంద్రమే దాన్ని వెనక్కి తీసుకుంది. శవాల మీద వచ్చిన రాష్ట్రపతి పాలన నెల రోజులు కూడా నిలవలేదు. రాష్ట్రపతి పాలన పెడితే న్యాయం జరుగుతుందని మన వినతిపత్రాల్లో అప్పుడప్పుడు రాస్తుంటాం. ఆ మాట రాసే ముందు ఈ తేదీలు గుర్తుంచుకుంటే మంచిది.

నారాయణన్ ఇంకో పని చేశారు. 1998లో సుప్రీంకోర్టు జడ్జీల నియామకం ఫైలు మీద, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు చెందిన అర్హులను కూడా పరిశీలించాలని నోట్ రాశారు. దాని మీద పెద్ద దుమారం లేచింది. జడ్జీలను నియమించేది రాష్ట్రపతే అయినా పేర్లు ఎంపిక చేసేది కొలీజియం. ఆయన పేరు మార్చలేరు, మార్చలేదు. అయినా ఆ ప్రశ్న ఫైలు మీదికి ఎక్కింది. 2000లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు, 2007లో మొదటి దళిత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

సలహా ఇచ్చేవాళ్ళు లేనప్పుడు

రాష్ట్రపతికి నిజమైన అధికారం ఎప్పుడొస్తుంది? సలహా ఇవ్వాల్సిన ప్రధానమంత్రే ఎవరో తేలనప్పుడు. ఏ పార్టీకీ మెజారిటీ లేకపోతే ఎవరిని పిలవాలి, ఓడిపోబోయే ప్రధాని సభను రద్దు చేయమంటే వినాలా వద్దా అన్నది రాజ్యాంగంలో వివరంగా రాసిలేదు. ఆ ఖాళీలో రాష్ట్రపతే నిర్ణయిస్తారు. 1979లో ఆ నిర్ణయం ఒక తెలుగు రాష్ట్రపతి చేతిలో, ఒక దళిత నాయకుడి విషయంలో పడింది.

1979 జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను ప్రధానిగా ప్రమాణం చేయించి, లోక్‌సభలో బలం నిరూపించుకోమన్నారు. మొరార్జీ తప్పుకున్నాక జనతా పార్లమెంటరీ పార్టీ నాయకుడిగా బాబూ జగ్జీవన్ రామ్ ఎన్నికయ్యారు. ఆగస్టు 20న సభ కూడాల్సిన రోజునే కాంగ్రెస్ (ఐ) మద్దతు లేదని తేలి చరణ్ సింగ్ రాజీనామా చేశారు. వెళ్తూ లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. ఒక్కరోజు కూడా సభ విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చిన సలహా అది. సభలో అతిపెద్ద పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇవ్వమని అడుగుతూనే ఉన్నారు. ఆగస్టు 22న సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు.

జగ్జీవన్ రామ్‌కు మెజారిటీ వచ్చేదా? చెప్పలేం. పార్టీలు చీలుతున్న రోజులవి. అయితే మెజారిటీ ఉందో లేదో తేల్చే చోటు సభ. చరణ్ సింగ్‌కు దొరికిన ఆ అవకాశం జగ్జీవన్ రామ్‌కు దొరకలేదు. తనను మోసం చేశారని జనతా పార్టీ నాయకత్వం బహిరంగంగానే ఆరోపించింది. సంజీవరెడ్డి తన నిర్ణయాన్ని తర్వాత సమర్థించుకున్నారు, ఎన్నికలే సరైన దారి అని ఆయన వాదన. పాత లెక్క కూడా ఒకటి ఉంది. 1969లో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డులో రాష్ట్రపతి అభ్యర్థిగా ఇందిరా గాంధీ జగ్జీవన్ రామ్ పేరు సూచిస్తే బోర్డు సంజీవరెడ్డిని ఎంపిక చేసింది. ఆ ఎన్నికలో ఇందిర వర్గం వి.వి. గిరిని గెలిపించింది, జగ్జీవన్ రామ్ ఇందిర వైపు ఉన్నారు. పదేళ్ళ తర్వాతి నిర్ణయంలో దాని ప్రభావం ఎంత ఉందో ఎవరూ తూచలేరు. మా దృష్టిలో అసలు సమస్య ఆ నిర్ణయానికి ఏ నియమమూ కట్టుబాటుగా లేకపోవడం. నియమం లేని చోట మన మనిషి గుమ్మం బయటే నిలబడాల్సి వచ్చింది.

బిల్లు మీద సంతకం

మామూలు బిల్లుల సంగతి ఆర్టికల్ 111 చెబుతుంది. రాష్ట్రపతి ఆమోదించవచ్చు, నిలిపివేయవచ్చు, డబ్బు బిల్లు కాకపోతే ఒకసారి వెనక్కి పంపవచ్చు. ఉభయ సభలూ మళ్ళీ ఆమోదిస్తే సంతకం పెట్టాలి. 2006లో ఆదాయ పదవుల బిల్లును అబ్దుల్ కలాం వెనక్కి పంపితే పార్లమెంటు మళ్ళీ అదే బిల్లు పంపింది, ఆయన సంతకం చేశారు. గడువు మాత్రం ఎక్కడా లేదు. 1986లో ఉత్తరాలు తెరిచి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే పోస్టాఫీసు సవరణ బిల్లును జైల్ సింగ్ సంతకం పెట్టకుండా, తిప్పి పంపకుండా దగ్గర పెట్టుకున్నారు. అది చట్టం కాలేదు.

రాజ్యాంగ సవరణ బిల్లుకు ఈ వెసులుబాటు ఏదీ లేదు. 1971లో 24వ సవరణ తర్వాత రాష్ట్రపతి దానికి ఆమోదం ఇవ్వాల్సిందే. 2019 జనవరి 12న ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పేరుతో 10 శాతం రిజర్వేషన్ ఇచ్చే 103వ సవరణ మీద రామ్‌నాథ్ కోవింద్ సంతకం చేశారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలను బయట పెట్టిన రిజర్వేషన్ అది. 'దళిత రాష్ట్రపతి అయి ఉండి సంతకం ఎలా పెట్టాడు' అని అప్పట్లో చాలామంది కోపంగా రాశారు. కోపం న్యాయమైనదే గానీ అది చేరాల్సిన చోటు వేరు. ఆ బిల్లుకు పార్లమెంటులో ఓటేసిన మన రిజర్వుడు నియోజకవర్గాల ఎంపీలను ఎవరూ అంత గట్టిగా అడగలేదు. సవరణను 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో సమర్థించింది.

పార్లమెంటు కూర్చోని సమయంలో ఆర్టికల్ 123 కింద రాష్ట్రపతి ఆర్డినెన్స్ తెస్తారు. ఇదీ కేబినెట్ సలహా మీదే. చట్టంతో సమానమైన బలం ఉంటుంది కానీ పార్లమెంటు మళ్ళీ కూడిన ఆరు వారాలకు ప్రాణం పోతుంది. 2014 మార్చి 4న అట్రాసిటీ చట్టాన్ని బలపరిచే ఆర్డినెన్స్ వచ్చింది. చెప్పుల దండ వేయడం, గుండు గీయించడం, సాంఘిక బహిష్కరణ లాంటివి స్పష్టమైన నేరాలుగా అందులో చేరాయి. మరునాడే ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కొత్త లోక్‌సభ కూడింది, ఆరు వారాలు గడిచాయి, బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళింది, ఆర్డినెన్స్ చచ్చిపోయింది. అవే నిబంధనలు చట్టంగా అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. ఆ ఏడాదిన్నరలో గుండు గీయించుకున్న మనిషికి ఆ కొత్త సెక్షన్లు పనికిరాలేదు. ఎన్నికల ముందురోజు వచ్చే ఆర్డినెన్స్‌కు చప్పట్లు కొట్టే ముందు దాని ఆయుష్షు ఎంతో లెక్కేసుకోవాలి.

1950 ఆగస్టు 10

రాష్ట్రపతి పేరు మీదున్న అన్ని అధికారాల్లో మన ఇంటిదాకా వచ్చేది ఆర్టికల్ 341. ఏ కులాలు షెడ్యూల్డ్ కులాలో ఒక్కో రాష్ట్రానికి గవర్నర్‌ను సంప్రదించి రాష్ట్రపతి నోటిఫై చేస్తారు. అయితే ఒకసారి నోటిఫై చేశాక ఆ జాబితాను ఇంకో నోటిఫికేషన్‌తో రాష్ట్రపతి కూడా మార్చలేరు. ఒక కులాన్ని చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. జాబితాలో లేని పేరును కలిపి చదవడానికి కోర్టులకు కూడా వీల్లేదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. మా కులాన్ని ఎస్సీల్లో కలపమని రాష్ట్రపతికి రాసే సంఘాలు ఇది తెలుసుకోవాలి. ఆ కాగితం మొదట వెళ్ళాల్సింది రాష్ట్ర ప్రభుత్వానికి. రాష్ట్రం సిఫార్సు చేస్తే కేంద్రం రిజిస్ట్రార్ జనరల్ అభిప్రాయం, జాతీయ ఎస్సీ కమిషన్ అభిప్రాయం తీసుకుంటుంది. ఆ తర్వాతే బిల్లు.

1950 ఆగస్టు 10న రాజేంద్రప్రసాద్ సంతకంతో వచ్చిన ఆ మొదటి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు ఎవరూ షెడ్యూల్డ్ కులం కిందికి రారని అది చెప్పింది, పంజాబ్ ప్రాంతంలోని నాలుగు సిక్కు కులాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రాజ్యాంగంలోని ఆర్టికల్ 341లో మతం అన్న మాటే లేదు. ఆ షరతు ఉత్తర్వుతో వచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను పార్లమెంటు చేర్చింది. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. ఆ పేరాను సవాలు చేసిన పిటిషన్ 2004లో సుప్రీంకోర్టుకు చేరింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది.

ఇది ఉద్యోగాలకే పరిమితమైన గొడవ అనుకోవద్దు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టర్‌గా పనిచేస్తున్న ఒక వ్యక్తి తనను కులం పేరుతో తిట్టి కొట్టారని పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవం స్వీకరించినవారు షెడ్యూల్డ్ కులం సభ్యులుగా ఉండరు కాబట్టి ఆ చట్టం వర్తించదన్నది కారణం. కొట్టినవాడు మతం అడిగి కొట్టడు. 75 ఏళ్ళ కిందటి ఉత్తర్వులోని ఒక పేరా ఇవాళ ఎఫ్ఐఆర్ నిలబడుతుందో లేదో నిర్ణయిస్తోంది. దాన్ని తీసేయగలిగింది పార్లమెంటు, లేదా అది చెల్లదని చెప్పగలిగింది సుప్రీంకోర్టు.

జాబితా రాష్ట్రాలవారీగా ఉండటం వల్ల ఇంకో చిక్కు. పొట్టకూటి కోసం ముంబై వెళ్ళిన మన కుటుంబాలకు అక్కడి రాష్ట్ర రిజర్వేషన్ దక్కదు, తమ కులం పేరు మహారాష్ట్ర జాబితాలో ఉన్నా సరే. ఈ సూత్రం 1990లో సుప్రీంకోర్టులో స్థిరపడిన కేసు తెనాలిలో పుట్టి బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన ఒక ఎస్టీ విద్యార్థిదే.

వర్గీకరణ వివాదంలోనూ తిరిగింది ఈ ఆర్టికల్ చుట్టే. ఎస్సీలను ఎ, బి, సి, డిలుగా విభజిస్తూ ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని, రాష్ట్రపతి జాబితాను రాష్ట్రం ముక్కలు చేయలేదంటూ 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6:1 మెజారిటీతో దాన్ని తిరగరాసింది. ఉపవర్గీకరణ వల్ల జాబితాలో ఎవరూ చేరరు, ఎవరూ పోరు, కాబట్టి 341కి భంగం లేదంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో కొత్త చట్టం అమలవుతోంది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. వర్గీకరణ మీద మన మధ్య ఉన్న భేదాభిప్రాయం ఈ వ్యాసం విషయం కాదు. రాష్ట్రపతి జాబితాను ఎవరు, ఎంతవరకు ముట్టుకోవచ్చు అన్న ప్రశ్నకు 20 ఏళ్ళలో రెండు వ్యతిరేకమైన జవాబులు వచ్చాయన్నంతవరకే ఇక్కడ అవసరం.

ఉరికంబం ముందు

ఆర్టికల్ 72 కింద రాష్ట్రపతి మరణశిక్షను తగ్గించవచ్చు, రద్దు చేయవచ్చు. ఇదీ కేంద్ర హోంశాఖ సలహా మీదే జరగాలి. కానీ ఇక్కడ ఫైలు ఎవరి చేతిలో ఉందన్నది నిజంగా తేడా తెస్తుంది, ఎందుకంటే దానికీ గడువు లేదు, కాలం గడిస్తే ప్రభుత్వాలు మారతాయి, సలహాలు మారతాయి.

1993 మార్చి 8న చిలకలూరిపేట దారిలో ఆర్టీసీ బస్సులో దోపిడీకి దిగి పెట్రోలు పోసి నిప్పంటించిన ఘటనలో 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరి చివరి ఘడియల్లో ఆగింది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు మళ్ళీ అర్జీ పెట్టారు. చనిపోయిన 23 మంది కుటుంబాల దుఃఖం ముందు ఆ పని తేలికైనదేమీ కాదు. తర్వాతి రాష్ట్రపతి నారాయణన్ 1998లో ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఒకే కేసు, ఒకే ఆర్టికల్, ఇద్దరు రాష్ట్రపతుల కాలంలో రెండు జవాబులు. మన వినతిపత్రం నేరుగా పనిచేసిన సందర్భం ఏదని అడిగితే మేం మొదట దీన్నే చూపిస్తాం.

గడువు లేని ఫైళ్ళు

రాష్ట్ర బిల్లును గవర్నర్ రాష్ట్రపతి పరిశీలనకు పంపితే ఆర్టికల్ 201 వర్తిస్తుంది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించిన 42 శాతం బీసీ రిజర్వేషన్ బిల్లులు ఆ దారిలోనే వెళ్ళాయి. ఈ ఫైలు మీద రాష్ట్రపతి ఎన్నాళ్ళు కూర్చోవచ్చు? 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం మూడు నెలలని చెప్పింది. దాని మీద రాష్ట్రపతి ఆర్టికల్ 143 కింద సుప్రీంకోర్టు సలహా కోరారు. నవంబర్ 20న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ఐదుగురు జడ్జీలు, కోర్టు అలా గడువు విధించలేదని, గడువు దాటితే ఆమోదం వచ్చినట్టే అనుకోవడం కుదరదని అభిప్రాయం చెప్పారు. ఇక్కడ మళ్ళీ రాష్ట్రపతి పేరు మీద కూర్చునేది కేంద్ర కేబినెటే.

ఇక వినతిపత్రం రాసేవాళ్ళు తరచుగా మరిచిపోయే చోటు ఒకటి మిగిలింది, ఆర్టికల్ 338. జాతీయ ఎస్సీ కమిషన్ ఛైర్‌పర్సన్‌నూ సభ్యులనూ నియమించేది రాష్ట్రపతి. విచారణలో సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు దానికున్నాయి. దాడి జరిగిన ఊరి ఫిర్యాదు కమిషన్‌కు నేరుగా ఇవ్వవచ్చు. కమిషన్ ఏటా రాష్ట్రపతికి నివేదిక ఇస్తుంది. రాష్ట్రపతి దాన్ని ఉభయ సభల ముందు పెట్టించాలి. ఏ సిఫార్సు మీద ఏ చర్య తీసుకున్నారో, ఏది ఒప్పుకోలేదో, ఎందుకు ఒప్పుకోలేదో చెప్పే మెమొరాండం దానికి జతచేయాలి. ఈ 'పెట్టించాలి' అన్నదానికి కూడా రాజ్యాంగం తేదీ రాయలేదు. కాబట్టి ఈసారి కలెక్టరేట్‌కు వెళ్ళేటప్పుడు ఆ కాగితంలో ఒక వాక్యం కలపవచ్చు: కమిషన్ చివరి నివేదిక మీ దగ్గరికి ఏ రోజు చేరింది, పార్లమెంటు ముందుకు ఏ రోజు వెళ్ళింది? అదే ప్రశ్న మన ఎంపీ చేత సభలో రాతపూర్వకంగా అడిగిస్తే మంత్రి తేదీలతో జవాబివ్వాలి.